పీపా ఎక్కడిది? పత్రం ఎవరిది?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో పరాసియా బొగ్గుగనుల ప్రాంతం. 2025 సెప్టెంబరులో ఆ చుట్టుపక్కల ఇళ్లలో పసిపిల్లలు ఒకరి తరువాత ఒకరు జబ్బుపడ్డారు. మొదట జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం. దగ్గుమందు పట్టిన కొద్దిరోజులకే వారికి మూత్రం ఆగిపోయింది. తల్లిదండ్రులు బిడ్డలను భుజాన వేసుకొని నాగపూర్ ఆస్పత్రులకు పరుగులు తీశారు. మూత్రపిండాలు దెబ్బతిన్న ఆ చిన్నారులలో ఇరవైమందికి పైగా ప్రాణాలతో తిరిగి ఇంటికి రాలేదు.

వారు తాగిన మందు పేరు కోల్డ్రిఫ్. తయారైనది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో, స్రేసన్ ఫార్మా అనే చిన్న కర్మాగారంలో. అక్టోబరు మొదటి వారంలో తమిళనాడు ఔషధ నియంత్రణ అధికారులు ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌ను పరీక్షించగా అందులో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. అనుమతించదగిన పరిమితి 0.1 శాతం మాత్రమే. అంటే సీసాలో దాదాపు సగం విషమే.

ఇంతవరకు పాఠకులకు తెలిసిన కథే. అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. ఆ విషం కర్మాగారంలోకి ఏ దారిన వచ్చిందని అధికారులు ఆరా తీశారు. తనిఖీ నివేదికను ఉటంకిస్తూ వెలువడిన వార్తల ప్రకారం, ఆ ద్రావకాన్ని బిల్లు లేకుండా కొన్నారు. అది ఔషధాల తయారీకి పనికివచ్చే శ్రేణికి చెందినది కాదు. దాని నాణ్యతను తెలిపే పత్రమేదీ అధికారుల చేతికి అందలేదు. సీసా మీద మాత్రం తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు అన్నీ అచ్చుగుద్దినట్లు ఉన్నాయి.

మందుల దుకాణంలో మనం చూడగలిగినది ఆ చీటీ ఒక్కటే. దాని వెనుక ఉండవలసిన పత్రాల వరుస మన కంటికి కనిపించదు. ఆ వరుసలోని ప్రతి పత్రం ఎక్కడ పుట్టింది, చేతికి వచ్చినది అసలా నకలా, ఏ నాటి ప్రమాణం ప్రకారం రాసినది అని అడిగేవారు లేకపోతే ఏమవుతుందో పరాసియా తల్లిదండ్రులకు తెలిసివచ్చింది.

తీపి ద్రావకాల వెనుక

పిల్లల దగ్గుమందులో అసలు ఔషధం పరిమాణం బహు స్వల్పం. మిగిలినదంతా దానిని కరిగించి, చిక్కగా, తియ్యగా చేసే ద్రవాలే. గ్లిజరిన్, సార్బిటాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఈ కోవలోనివి. సరైన నాణ్యత ఉన్నంతవరకు వీటివల్ల హాని లేదు. అయితే వీటికి విషపు దాయాదులు రెండున్నాయి. ఒకటి ఎథిలీన్ గ్లైకాల్, రెండవది డైఎథిలీన్ గ్లైకాల్. మోటారు వాహనాల కూలెంటు, బ్రేకు ద్రవం వంటి వాటిలో వీటి వాడకం సర్వసాధారణం. చూడడానికి ఇవి కూడా రంగులేని చిక్కని ద్రవాలే, నాలుకకు తియ్యగానే ఉంటాయి, ధర మాత్రం తక్కువ. ఎదుట రెండు గ్లాసులు పెట్టి ఏది మందుకు, ఏది బ్రేకుకు అంటే అనుభవజ్ఞుడైన రసాయన శాస్త్రవేత్త కూడా కంటితో చూసి చెప్పలేడు. పరీక్ష చేయాలి, లేదా పత్రాన్ని నమ్మాలి. ఈ రెండింటిలో మన చిన్న పరిశ్రమలు ఎక్కువగా రెండవదాన్నే ఎంచుకుంటూ వస్తున్నాయి.

నమ్ముతున్న ఆ పత్రం పేరు విశ్లేషణ ధ్రువపత్రం. పరిశ్రమలో దీనిని సీఓఏ అంటారు. ద్రావకాన్ని తయారుచేసిన కర్మాగారంలోని ప్రయోగశాల ఒక్కొక్క బ్యాచ్‌కు ఒక్కొక్కటి ఇస్తుంది. పదార్థం పేరు, కర్మాగారం చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, తిరిగి పరీక్షించవలసిన తేదీ, ఏ ప్రమాణ గ్రంథం ప్రకారం పరీక్షించినదీ, ఒక్కొక్క పరీక్షలో వచ్చిన అంకె, చివర విశ్లేషకుని సంతకం అందులో ఉండాలి. ఇంతవరకు ఏ చిక్కూ లేదు. చిక్కు వచ్చేది సరకు దారిలో ఉండగా.

పెద్ద కర్మాగారం నుంచి సరకు ట్యాంకర్లలో, రెండువందల లీటర్ల పీపాలలో టోకు వ్యాపారికి చేరుతుంది. అతడు దాన్ని చిన్న డబ్బాలలోకి మార్చి చిల్లర వ్యాపారికి అమ్ముతాడు. చిల్లర వ్యాపారి దగ్గర యాభై కిలోలు కొనుక్కునేవాడు మందుల తయారీదారుడు. కర్మాగారం పేరు చెబితే కొనేవాడు రేపు తనను దాటి నేరుగా అక్కడికే వెళ్లిపోతాడేమోనని మధ్యవర్తికి భయం. అందుచేత అసలు పత్రంలోని అంకెలను తన లెటర్‌హెడ్ మీద తిరిగి టైపు చేయించి ఇస్తాడు. వ్యాపార దృష్టితో చూస్తే ఇది మోసమని అతనికి తోచదు, సరకు తనది కనుక పత్రమూ తనదే అనుకుంటాడు. కాని ఆ క్షణంతో పీపాకు, దాని పుట్టిన ఊరికి మధ్య ఉన్న తాడు తెగిపోతుంది. ఆ తరువాత పీపాలో ఏమున్నా పత్రంలో మాత్రం 99.5 శాతం శుద్ధమనే ఉంటుంది.

మూడు ఖండాలు దాటిన అబద్ధం

ఇది ఊహ కాదు. 2006లో మధ్య అమెరికాలోని పనామాలో జరిగినది అక్షరాలా ఇదే. అక్కడి ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ తన ప్రయోగశాలలో తయారుచేసిన చక్కెరలేని దగ్గుమందు తాగి 100 మందికి పైగా మరణించారు. అందులో కలిపిన గ్లిజరిన్ 46 పీపాలలో వచ్చింది. అమెరికాకు చెందిన న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2007లో ఆ పీపాల వెంట వెనక్కి నడిచి, చైనాలో యాంగ్సీ నది డెల్టా ప్రాంతంలోని తైషింగ్ గ్లిజరిన్ ఫ్యాక్టరీ దాకా వెళ్లింది. అక్కడినుంచి సరకు బీజింగ్‌లోని ఒక వర్తక సంస్థకు, దాని నుంచి స్పెయిన్‌లోని బార్సిలోనా సంస్థకు, అక్కడినుంచి పనామా వ్యాపారికి చేరింది. మూడు ఖండాల్లో మూడు వర్తక సంస్థలు. ఒక్కరూ పీపా మూత తీసి పరీక్షించలేదు. పైగా శుద్ధతను తెలిపే ధ్రువపత్రాన్ని దారిలో పదేపదే మార్చారు. మార్చిన ప్రతిసారీ తయారీదారు పేరు, అంతకుముందరి యజమాని పేరు చెరిగిపోతూ వచ్చాయి.

ఆ సరకును చైనాలో టీడీ గ్లిజరిన్ అని పిలిచేవారు. టీడీ అంటే వారి భాషలో ప్రత్యామ్నాయం అనే అర్థమిచ్చే మాటకు పొట్టి రూపం. అంటే అది గ్లిజరిన్ కాదు, గ్లిజరిన్‌కు బదులు వాడే సరకు. చైనా అధికారులు 2007లో ఇచ్చిన వివరణలో తప్పును పనామా వ్యాపారి మీదికి నెట్టారు. అతడే సరకు పేరు మార్చాడని, వాడకపు గడువును ఏడాది నుంచి నాలుగేళ్లకు పెంచాడని వారి వాదన. ఎవరి వాటా ఎంతైనా, రెండక్షరాలు ఎగిరిపోవడం, ఒక తేదీ మారడం అన్నవి సరకులో జరిగిన మార్పులు కావు, కాగితం మీద జరిగినవి. అసలు పత్రాన్ని, చివరి పత్రాన్ని పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా ఉంటే తేడా ఇట్టే కనిపించేది.

పనామాకు పదేళ్ల ముందు హైతీలోనూ ఇదే జరిగింది. జ్వరం మందు తాగి ఎనభైమందికి పైగా పిల్లలు చనిపోగా, అమెరికా పరిశోధకులు ఆ గ్లిజరిన్ ఎక్కడ తయారైనదో తేల్చడానికి చైనా వరకు వెళ్లి, ఫలితం లేక వెనుదిరిగారు. మళ్లీ ఇలా జరగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఔషధ ముడిసరకుల వర్తకానికి మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. అసలు తయారీదారు ఎవరో కొనుగోలుదారుకు తెలియాలి, అసలు ధ్రువపత్రం సరకుతోపాటు చివరివరకు ప్రయాణించాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. ఆ సూత్రాలు వచ్చిన మూడేళ్లకే పనామా.

పేరు గొప్ప, లోపల విషం

తయారీదారు పేరు చెరిపివేయడం పాత పద్ధతి. ఇటీవలి సంవత్సరాలలో మరింత తెలివైన పద్ధతి వచ్చింది. పేరు చెరపరు, పెద్ద పేరును అంటిస్తారు. ఇండోనేషియాలో 2022లో 200 మందికి పైగా పిల్లలు మూత్రపిండాల వ్యాధితో మరణించినప్పుడు, అక్కడి అధికారులు ఒక రసాయన వ్యాపారి గిడ్డంగిలో డౌ అనే అంతర్జాతీయ రసాయన సంస్థ చీటీలు అంటించిన పీపాలను కనుగొన్నారు. చీటీ ప్రొపిలీన్ గ్లైకాల్ అన్నది. లోపల ఉన్నది ఎథిలీన్ గ్లైకాల్. మందు తయారుచేసిన సంస్థ తాము సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రాల మీద ఆధారపడ్డామని చెప్పుకుంది. న్యాయస్థానం ఆ సమాధానంతో తృప్తి పడలేదు. పరీక్షించవలసిన బాధ్యత తయారీదారుదేనంటూ 2023లో ఆ సంస్థ అధికారులకు జైలుశిక్ష విధించింది.

దక్షిణాసియాలోనూ అదే మాయ. 2023 డిసెంబరులో మాల్దీవులలో అమ్ముడవుతున్న అలెర్గో అనే సిరప్‌లో ఇటువంటి విషం బయటపడింది. అది తయారైనది పాకిస్తాన్‌లోని లాహోర్‌లో. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ వెనక్కి తవ్వుకుంటూ వెళ్లగా 2024 ఆరంభంలో మరికొన్ని పీపాలు దొరికాయి. వాటి చీటీల మీద డౌ సంస్థకు థాయ్‌లాండ్, జర్మనీ, సింగపూర్ దేశాలలో ఉన్న కర్మాగారాల పేర్లున్నాయి. ఆ పీపాలు తాము తయారుచేసినవి కావని, సరఫరా చేసినవీ కావని డౌ సంస్థ స్పష్టం చేసింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన హెచ్చరిక ప్రకారం వాటిలో ఎథిలీన్ గ్లైకాల్ 0.76 శాతం నుంచి 100 శాతం వరకు ఉంది. నూటికి నూరుపాళ్లు విషమే ఉన్న పీపా మీద కూడా ప్రఖ్యాత సంస్థ పేరు.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం రావచ్చు. పత్రమే దొంగదైనప్పుడు దాన్ని సరిచూడడం ఎలాగని. నాణ్యతా విభాగంలో పనిచేసే జాగ్రత్తపరులైన రసాయనికులు అనుసరించే పద్ధతి సులువైనదే. పత్రం మీద అచ్చువేసిన ఫోనుకు ఫోను చేయరు, ఆ ఫోను ఎత్తేవాడూ అదే ముఠాలోనివాడు కావచ్చు. తయారీ సంస్థ చిరునామాను వేరే మార్గాన సంపాదించి, ఫలానా నంబరు గల బ్యాచ్ మీరు చేసినదేనా, ఫలానా తేదీన ఎవరికి పంపారు అని నేరుగా రాస్తారు. పీపా మీది బ్యాచ్ నంబరును పత్రం మీది నంబరుతో, బిల్లు మీది నంబరుతో అక్షరమక్షరం పోల్చుతారు. ముద్ర పగిలిందేమో చూస్తారు. పీపా రెండువందల లీటర్లదైతే తమకు యాభై లీటర్ల డబ్బాలో ఎందుకు వచ్చిందని అడుగుతారు. రెండు వేర్వేరు బ్యాచ్‌ల పత్రాలలో ప్రతి అంకె చివరి దశాంశం వరకు ఒకటే అయితే అనుమానిస్తారు. రెండు వంటలలో ఉప్పు సరిగ్గా ఒక్కటే కొలతలో పడదు కదా. ఇవన్నీ అయ్యాక కూడా మూత తీసి, నమూనా తీసుకొని పరీక్షిస్తారు.

ఆ పరీక్షకు కోట్ల ఖరీదు చేసే యంత్రమేమీ అక్కరలేదు. సిలికా పూత పూసిన చిన్న పలక మీద నమూనా చుక్కను, పక్కన తెలిసిన విషపు చుక్కను వేసి, పలక అడుగును ద్రావకంలో ముంచితే అవి వేర్వేరు ఎత్తులకు పాకుతాయి. అనుమానమున్న సరకును ఆ దశలోనే ఆపవచ్చు. ఆ తరువాత ఖచ్చితమైన శాతం తేల్చడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపవచ్చు. స్తోమత లేక పరీక్షలు చేయలేకపోతున్నామనే చిన్న పరిశ్రమల వాదనలో కొంత నిజమున్నా, ఈ ఒక్క పరీక్ష విషయంలో అది నిలవదు.

ఏ సంవత్సరపు ప్రమాణం?

పత్రం అసలుదే, బ్యాచ్ నంబరు సరిపోయింది, తయారీదారు కూడా అవునన్నాడు అనుకుందాం. అప్పటికీ మరొక ప్రశ్న మిగులుతుంది. ప్రమాణాల ప్రకారం సరిపోయినదని పత్రంలో రాస్తారు. ఏ ప్రమాణాలు, ఏ సంవత్సరానివి?

ఔషధ ప్రమాణ గ్రంథాన్ని ఫార్మకోపియా అంటారు. భారతీయ ఫార్మకోపియా తొలి ముద్రణ 1955లో వెలువడింది. 2018లో ఒకటి, 2022లో ఒకటి వచ్చాయి. మధ్యమధ్య సవరణలు వెలువడుతూనే ఉంటాయి. ఇవి కేవలం ముద్రణాదోషాల దిద్దుబాట్లు కావు. పనామా ఘటన తరువాత అమెరికా ఫార్మకోపియాలో జరిగిన మార్పే ఇందుకు ఉదాహరణ. అంతకుముందు గ్లిజరిన్‌లో డైఎథిలీన్ గ్లైకాల్‌ను వెతకడం మాలిన్యాల పరీక్షలలో ఒకటిగా ఉండేది. 2009లో దానిని గుర్తింపు పరీక్షల విభాగంలోకి మార్చారు. ప్రొపిలీన్ గ్లైకాల్‌కు సైతం తరువాత అదే నియమం వచ్చింది. పైకి ఇది ఒక పేరా అటునుంచి ఇటు జరిపినట్లే కనిపిస్తుంది. కాని మాలిన్యాల పరీక్షల విషయంలో సరఫరాదారు ఇచ్చిన అంకెలను అంగీకరించే వీలుంది. గుర్తింపు పరీక్షను మాత్రం కొన్నవాడు తానే చేసుకోవాలి. కనుక సంవత్సరం వేయకుండా యూఎస్‌పీ ప్రకారం సరిపోయింది అని రాసిన పత్రం, విషం కోసం వెతికారా లేదా అన్న విషయంలో ఏమీ చెప్పనట్లే.

మన దేశంలోనూ ఇటువంటి మార్పు జరిగింది. పరాసియా మరణాల తరువాత 2025 అక్టోబరులో భారతీయ ఫార్మకోపియా సంస్థ నోటిద్వారా తీసుకునే ద్రవ ఔషధాలన్నింటిలోనూ ఈ రెండు విషాలకు పరీక్ష తప్పనిసరి చేస్తూ సవరణ తెచ్చింది. ముడిసరకులోనే కాక తయారైన మందులోనూ పరీక్షించాలన్నది దాని సారాంశం. సవరణకు ముందు ఐపీ ప్రకారం సరిపోయిందని రాసిన సిరప్ పత్రానికి, తరువాత రాసిన పత్రానికి మాటలు ఒక్కటే, అర్థం ఒక్కటి కాదు.

పొరుగింటికి ఒక కొలత, మనింటికి ఒక కొలత

ఈ విషాదాలలో మన దేశానికున్న పాత్ర 2025లో మొదలైనది కాదు. 1972లో మద్రాసులో పలువురు చిన్నారులు ఇదే విషానికి బలయ్యారు. 1986 జనవరిలో బొంబాయి జేజే ఆస్పత్రిలో విషపూరిత గ్లిజరిన్ వల్ల 14 మంది రోగులు మరణించారు. న్యాయమూర్తి లెంటిన్ కమిషన్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చింది. 1998లో గుర్‌గావ్ పరిసరాల్లో 33 మంది పిల్లలు పోయారు. 2020 ఆరంభంలో జమ్ములోని రామ్‌నగర్‌లో పదిమందికి పైగా పసివారు పోయారు. పొరుగునున్న బంగ్లాదేశ్‌లో 1990-92 మధ్య ఢాకా ఆస్పత్రులలో మూత్రపిండాలు చెడి చనిపోయిన పిల్లలు వందలలో ఉన్నారు. వారిలో పెక్కుమంది విషం కలిసిన పారాసెటమాల్ సిరప్ తాగినవారే.

2022లో ఈ కథ దేశపు ఎల్లలు దాటింది. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో దాదాపు 70 మంది పిల్లల మరణానికి హర్యానాలోని సోనీపత్‌కు చెందిన మెయిడెన్ ఫార్మాస్యూటికల్స్ తయారుచేసిన నాలుగు సిరప్‌లకు సంబంధముండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది అక్టోబరు 5న ప్రకటించింది. తమ మందులలో లోపం లేదని సంస్థ వాదించింది. కర్మాగారంలో భద్రపరచిన నమూనాలలో విషం కనబడలేదని కేంద్ర ప్రభుత్వమూ డిసెంబరులో తెలిపింది. గాంబియాలో పరీక్షించినవి గాంబియాకు చేరిన సీసాలు, ఇక్కడ పరీక్షించినవి కర్మాగారంలో దాచిన సీసాలు. నమూనా ఎక్కడిదన్న ప్రశ్న తేలకుండా ఫలితాల మీద ఎంత వాదించుకున్నా తెగేది కాదు. అయితే హర్యానా ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థకు ఇచ్చిన షోకాజ్ నోటీసు విషయాన్ని మరొక వైపునుంచి చూపింది. ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ఈ రెండు విషాల కోసం పరీక్షించలేదన్నది అందులోని ఒక ఆక్షేపణ. కొన్ని ముడిసరకుల పత్రాలలో బ్యాచ్ నంబర్లే లేవన్నది ఇంకొకటి. బ్యాచ్ నంబరు లేని పత్రం ఏ పీపాకైనా చెల్లుతుంది, అంటే ఏ పీపాకూ చెల్లదు.

ఆ ఏడాది చివర్లోనే ఉజ్బెకిస్తాన్ కూడా నోయిడాలో తయారైన సిరప్ తాగి 18 మంది పిల్లలు చనిపోయారని ప్రకటించింది. ఎగుమతుల పరువు పోతున్నదని గ్రహించిన కేంద్రం చురుకుగానే కదిలింది. 2023 జూన్ 1 నుంచి దగ్గుమందు ఎగుమతి కావాలంటే ప్రభుత్వ ప్రయోగశాలలలో పరీక్షించి ధ్రువపత్రం పొందాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. మంచిదే. కాని దేశంలో అమ్మే దగ్గుమందుకు ఆ నిబంధన లేదు. కాంచీపురంలో తయారైన సీసా ఆఫ్రికాకు వెళ్లి ఉంటే ఓడరేవులో ఆగేది. ఛింద్వారాకు వెళ్లింది కనుక ఆగలేదు. ఈ వ్యత్యాసాన్ని సమర్థించే వాదన ఇంతవరకు ఈ వ్యాసకర్త చెవిన పడలేదు.

విదేశీ కొనుగోలుదారు అడిగితే మన పరిశ్రమ పత్రాల విషయంలో ఎంత నియమంగా ఉండవలసివస్తుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 1960లలో ఐడీపీఎల్ కర్మాగారంతో ఊపందుకున్న ఔషధ పరిశ్రమ నేడు అమెరికా, ఐరోపా మార్కెట్ల మీద బతుకుతున్నది. 2014లో ఫ్రాన్స్ తనిఖీదారులు హైదరాబాద్‌లోని జీవీకే బయోసైన్సెస్ పరిశోధన కేంద్రానికి వచ్చి, మందుల పరీక్షలలో పాల్గొన్నవారి ఈసీజీ రికార్డులు తారుమారయ్యాయని తేల్చారు. ఒకరి గుండె గీతలు మరొకరి పేరిట దస్త్రంలో చేరాయన్నది ఆరోపణ. ఆ మందుల వల్ల ఎవరికీ హాని జరిగినట్లు ఆధారం లేదని ఐరోపా ఔషధ సంస్థే చెప్పింది. అయినా మూల రికార్డును నమ్మలేమన్న ఒక్క కారణంతో 2015 జనవరిలో దాదాపు 700 మందుల అనుమతులను నిలిపివేయాలని సిఫారసు చేసింది. ఇందుకు నిరసనగా భారత్ ఆ ఏడాది ఆగస్టులో ఐరోపా సమాజంతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలనే వాయిదా వేసింది. ఐరోపా చర్య మితిమీరినదని అప్పట్లో ఇక్కడ చాలామంది భావించారు. కావచ్చు. కాని ప్రాణహాని లేని చోట కూడా ఈ గీత ఎవరి గుండెది అని పట్టుబట్టిన పద్ధతి ఒకవైపు, ప్రాణాలు తీసే పీపా మీద ఈ బిల్లు ఏది అని అడగని పద్ధతి మరొకవైపు. రెండూ ఒకే దేశపు పరిశ్రమలోనే నడుస్తున్నాయి.

చట్టంలో లోటు ఉందా అంటే అదీ లేదు. 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం మందులో కలిపే పదార్థం కూడా ఔషధమే. ముడిసరకు ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాలన్న నియమం పాతదే. 2023 డిసెంబరులో షెడ్యూల్ ఎంను సవరించి నాణ్యతా నియమాలను మరింత బిగించారు. చిన్న పరిశ్రమలకు మాత్రం 2025 డిసెంబరు 31 వరకు గడువు పొడిగించారు. పరాసియా పిల్లలు ఆ గడువు లోపలే పోయారు. 2025 అక్టోబరు 7న భారత ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రాలకు రాసిన లేఖలో, తనిఖీలు జరిపిన కర్మాగారాలలో ముడిసరకులను బ్యాచ్‌వారీగా పరీక్షించడం లేదని తేలిందని పేర్కొన్నారు. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ వారంలోనే ఎస్ఆర్-13 బ్యాచ్ సీసాలు ఎవరిదగ్గరైనా ఉంటే వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. స్రేసన్ లైసెన్సును తమిళనాడు అక్టోబరు 13న రద్దు చేసింది.

ఈ ఉదంతంలో మరొక లోపం కూడా బయటపడింది. స్రేసన్‌కు 2011లో రాష్ట్ర స్థాయిలో లైసెన్సు లభించింది. కాని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ వద్దనున్న సమాచార నిధులలో ఆ సంస్థ వివరాలే లేవని అధికార వర్గాలు తెలిపినట్లు పత్రికలలో వచ్చింది. రాష్ట్రం చేతిలోని జాబితా ఒకటి, కేంద్రం చేతిలోని జాబితా ఒకటి. రెండింటినీ పక్కన పెట్టి పోల్చిన నాథుడు పద్నాలుగేళ్లలో లేడు. ప్రమాదకర ద్రావకాలను తయారుచేసే సంస్థలు ప్రతి బ్యాచ్ వివరాలనూ, ఎంత సరకు ఎవరికి అమ్మినదీ ఆన్‌లైన్‌లో నమోదు చేయాలని 2025 అక్టోబరులో కేంద్ర సంస్థ ఆదేశించింది. దీనివల్ల సరైన మార్గంలో వచ్చే పీపా పుట్టుపూర్వోత్తరాలు ఇకపై ఒకచోట దొరుకుతాయి. కొన్నవాడు తన చేతిలోని పత్రాన్ని దానితో సరిచూసుకోవచ్చు, తనిఖీకి వచ్చిన అధికారీ సరిచూడవచ్చు.

బిల్లు లేకుండా చేతులు మారే యాభై కిలోల డబ్బాను మాత్రం ఎవరూ అందులో నమోదు చేయరు. దాన్ని పట్టుకోవాలంటే కర్మాగారం గిడ్డంగిలోకి వెళ్లి, తయారైన సిరప్ ఎన్ని లీటర్లు, రిజిస్టరులో చూపిన ద్రావకం ఎన్ని కిలోలు అని లెక్క కట్టేవాడు ఉండాలి. ఆ పని చేయవలసిన ఔషధ తనిఖీ అధికారుల పోస్టులు పలు రాష్ట్రాలలో ఖాళీగా ఉన్నాయి.